మూడేళ్ల కూర

అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఊరికొకరుంటారు. మా తిరువూరు మాస్టారు అక్కణ్ణుంచి తెచ్చుకున్న జబ్బు ఆస్పరాగస్. చుట్టూ మామిడితోటలున్నా ఆయన నోట మామిడి మాటే రాదు.

ఆన్‌లైన్లో తెప్పించిన నల్లటి గింజల్ని రాత్రంతా నానబెట్టి పెరుగు డబ్బాల్లో విత్తారు. తోటకూరైతే వారం తిరక్కుండా మొలిచేది. ఇవి మూడు వారాలు మొహం చూపించలేదు. మాస్టారు రోజూ డబ్బాల ముందు నిలబడి హాజరు వేసేవారు. చివరికి దారప్పోగులాంటి మొలకొకటి లేస్తే వీధంతా బూందీ పంచారు.

"కూరెప్పుడు మాస్టారూ?"

"మూడో ఏడు. ముందే కోస్తే వేరు నీరసపడుతుంది. ఓపిక పట్టామా, పదిహేనేళ్లు ఢోకా లేదు."

పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. "తాటిటెంకలు పాతరేస్తే సంక్రాంతికల్లా తేగలు తింటాం కదయ్యా! అయినా మా కంచె మీది పిల్లిపీచర అచ్చం ఇలాగే ఉంటుంది. బాలింతలకు పాలు పడతాయని దాని దుంపలు పెడతాం."

"దాయాదులేలెండి" అన్నారు మాస్టారు, చిన్నబోయి.

రెండో ఏడు కొన్నిటికి ఎర్రటి పళ్లొచ్చాయి. "ఇవి ఆడమొక్కలు. కాయల బెడద లేదు గనక మగవే ఎక్కువ కాడలిస్తాయి" అని పాఠం చెప్పారు. "ఇక్కడా అంతేనా? కనే కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది" అంటూ మాస్టారి భార్య చీపురు పట్టుకుని లోపలికెళ్లారు.

చలిదేశాల్లో శీతాకాలం ఈ మొక్క పడుకుంటుంది. తిరువూరికి మంచెక్కడిది? నీళ్లాపి నిద్రపుచ్చారు. మొక్క పడుకుంది, ఎలా ఉందోనని టార్చి పట్టుకు తిరిగిన మాస్టారే పడుకోలేదు.

ఈలోగా కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే జవాబు: "పసిమొక్కల్ని వదిలి ఎలా వస్తామురా?"

మూడో ఏడు తొమ్మిది కాడలు తెగాయి. మాస్టారి భార్య ఇంగువ పోపేసి వండితే పిన్నిగారికీ, నాకూ చెరో రెండు దక్కాయి. రుచి చూసి అందరం మాస్టారి మొహం చూశాం. ఆయన దిగులుగా ఉన్నారు. అప్పుడే ఫోన్ మోగింది.

"కోత అయిందటగా నాన్నా, టికెట్లు తీయనా?"

మాస్టారు కిటికీ వైపు చూశారు. గాజుగ్లాసులో, నీళ్లకు తగిలీ తగలకుండా, పుల్లల మీద నిలబెట్టిన అవకాడో టెంక ఉంది.

"ఇది టెంకనుంచి కాపుకు రావాలంటే పదేళ్లయినా పట్టొచ్చురా" అన్నారు. మొహం వెలిగిపోతోంది.