గీత పక్కన టైము

నేను క్యాజువాల్టీలో చర్మం మీద గీసే పెన్నును. కడుపు నిండా జెన్షియన్ వయొలెట్ సిరా. థియేటర్లో నా తోటివాళ్లు కోతకు గుర్తులు పెడతారు; నాకు పడింది వాచిన కాళ్ల డ్యూటీ. ఎరుపు అంచు వెంబడే నాతో గీసి, పక్కన టైము వేస్తారు. మళ్లీ వచ్చి చూస్తే ఎరుపు పాకిందో లేదో తెలుస్తుంది. నా గీత దేన్నీ ఆపదు, ముందే చెబుతున్నా.

నాట్ల రోజుల్లో ఓ రాత్రి ఒక పెద్దాయన వచ్చాడు. షుగరు మనిషి. పొలంలో ముల్లు దిగితే పసుపు పెట్టి ఊరుకున్నాడట. చీలమండ పైన అరచేతి మేర ఎరుపు, కాస్త వాపు, అంతే. కానీ దుప్పటి తగిలినా కేకలే. "ఇంతదానికి ఇంత గోలేంటి నాన్నా?" అని కొడుకు విసుక్కున్నాడు. డాక్టరమ్మ మాత్రం ఆ కేకలనే పట్టుకుంది. పైకి కనిపించేదానికీ నొప్పికీ పొంతన లేదంటే, జబ్బు చర్మం అడుగున, కండరాన్ని కప్పే పొర వెంట పాకుతోందేమో అనుమానించాలి. 1924లోనే పెకింగ్‌లో మెలనీ అనే సర్జన్ ఇలాంటి రోగుల గురించి రాశాడు. ఈ జబ్బుకు నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అన్న పేరు 1952లో విల్సన్ పెట్టాడు. పుస్తకాల్లో నల్లబొబ్బల బొమ్మలుంటాయి. అవి వచ్చేదాకా ఆగితే ఆలస్యమే. ఒక్కోసారి నొప్పి తగ్గిందని ఇంటివాళ్లు సంబరపడతారు, లోపల నరాలు చచ్చిపోయి ఉంటాయి.

కాసేపటికి ఎరుపు నా గీత దాటి రెండు వేళ్ల మేర పైకెక్కింది. రక్తపరీక్షలో సీఆర్‌పీ, తెల్లకణాలు, సోడియం లాంటివాటికి మార్కులేసే పద్ధతి ఒకటుంది, 2004లో సింగపూర్ డాక్టర్లు తెచ్చింది. ఆరు, ఆపైన వస్తే గట్టి అనుమానం. ఈయనకు ఐదే వచ్చాయి. అయినా డాక్టరమ్మ తగ్గలేదు. "స్కానింగ్‌కు పంపుదామా మేడమ్?" అన్నాడు హౌస్ సర్జన్. బీపీ పడిపోతుంటే స్కానింగ్ ఏంటని సర్జన్ గారు అక్కడే మత్తు సూది వేసి, రెండు సెంటీమీటర్ల గాటు పెట్టి వేలు దింపారు. నెత్తురు రాలేదు. అంట్లు కడిగిన నీళ్లలాంటిది కారింది, పొరలు వేలికి అడ్డం లేకుండా విడిపోయాయి. ఆ రాత్రే థియేటర్‌కు తీసుకెళ్లారు. మర్నాడు మళ్లీ తెరిచి, చచ్చిన కండ ఇంకా ఉంటే తీసేశారు. కాలు దక్కింది.

అవతలి బెడ్డు మీద ఇంకో కాలు. హౌస్ సర్జన్ నాతో చకచకా గీసి వెళ్లిపోబోయాడు. సిస్టరమ్మ కేకేసింది, "డాక్టర్‌గారూ, టైమెవరు రాస్తారు?"