రెండు దెబ్బలు కొట్టిపో నాయనా!

మార్కాపురంలో నన్ను అందరూ బోరింగు అంటారు. కాగితాల మీద నా పేరు ఇండియా మార్క్-2 చేతిపంపు. ఆ పేరుతో ఇంతవరకూ ఎవరూ పిలవలేదు, నేనూ పలకలేదు. మా ఊళ్లో పేరున్నవాళ్లకు కొదవలేదు. చెన్నకేశవస్వామికి గుడి ఉంది, తిరునాళ్లున్నాయి. ఇక్కడి రాతి పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్నారు. నాకున్నదల్లా వీధి మలుపులో ఓ సిమెంటు చప్టా. అయినా ఒక సంగతిలో మాత్రం నేనెవరికీ తీసిపోను. మనిషికి మనిషి రోజూ ఎంత అవసరమో నా దగ్గర నిలబడి చూస్తే తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకెక్కడా తెలియదు.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 1966-67లో బిహార్ వైపు భారీ కరువు వచ్చాక, రాతినేలల్లో బోర్లు వేయడం ఊపందుకుంది. అప్పట్లో వాటి మీద బిగించిన పోతఇనుము పంపులు, పరదేశాల్లో ఒక్క ఇంటివాళ్లు వాడుకునే పంపులకు నకళ్లు. ఊరంతా పడి కొడితే అవేం ఆగుతాయి? చాలావరకు మూలపడ్డాయి. షోలాపూర్‌లో తయారైన ఒక గట్టి పంపును ఆధారం చేసుకుని, ప్రభుత్వమూ యునిసెఫ్ కలిసి 1970లలో నాకు రూపమిచ్చాయి. హ్యాండిల్‌కి గొలుసు, గొలుసుకి కడ్డీలు, కడ్డీల కింద నేల అడుగున ఒక సిలిండరు. అంతే నా ఒళ్లు. నా నమూనా మీద ఎవరి పేటెంటూ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. అందుకే ఆఫ్రికా దాకా నాకు తోబుట్టువులున్నారు.

నన్ను గీసినవాళ్లు అనుకుని చేశారో లేదో గానీ, నా హ్యాండిల్ ఒక పక్క, నీళ్లు పడే మూతి ఇంకో పక్క. బిందె పెట్టుకుని ఒక్కళ్లే కొట్టుకోవచ్చు. దోసిలి పట్టి తాగడం మాత్రం ఒక్కళ్ల వల్ల కాదు. కొట్టి ఇటు పరుగెత్తుకొచ్చేసరికి ధార సన్నబడిపోతుంది. గొంతు సరిగా తడవాలంటే అవతల ఇంకో చెయ్యి ఉండాల్సిందే. అందుకే నా చప్టా మీద ఎక్కువసార్లు వినపడ్డ మాట, “రెండు దెబ్బలు కొట్టిపో నాయనా!”

ఆ మాటకు కాదన్నవాళ్లను నేను చూడలేదు. బస్సుకు వేళైపోయిందని ఉరుకుతున్నవాడు కూడా ఆగి కొట్టేవాడు. సాయంత్రం పలకల గనుల నుంచి వచ్చే కూలీలు బూడిదరంగు దుమ్ములో ఒకే పోలికగా ఉండేవాళ్లు. ఒకడు కొడుతుంటే ఇంకొకడు మొహం కడుక్కునేవాడు. దుమ్ము జారాక గానీ ఎవరు అన్నో ఎవరు తమ్ముడో నాకు తెలిసేది కాదు. తాగినవాడు మూతి తుడుచుకుని తిన్నగా హ్యాండిల్ దగ్గరికి వచ్చేవాడు, “ఇక నువ్వు తాగన్నా” అంటూ. కొట్టినవాడికి అప్పటికే దాహం తీరి ఉంటే, ఆ దెబ్బలు వెనకున్న ముక్కూమొహం తెలియని మనిషికి దక్కేవి. బడిపిల్లలు పలకలు కడుక్కోవడానికి వచ్చి, బరువు చాలక ఇద్దరిద్దరు హ్యాండిల్‌కి వేలాడేవాళ్లు. గోడ తగువుతో మాటలు మానేసిన రెండిళ్ల ఆడవాళ్లు కూడా నా దగ్గరికొస్తే ఒకరి బిందె నిండేదాకా ఒకరు కొట్టేవాళ్లు. మాట్లాడుకునేవాళ్లు కాదు. బిందె ఎత్తేటప్పుడు మాత్రం ఓ చెయ్యి సాయం వచ్చేది.

మూలింట్లో ఓ ముసలమ్మ ఉండేది. బిందె నిండాక ఓ చెంబెడు నీళ్లు చప్టా మీద పోసి, పాచి లేకుండా పీచుతో రుద్దేది. వెనక వచ్చేవాళ్లు జారిపడకూడదని. దసరాకు వాళ్లింట్లో కత్తిపీటకూ తిరగలికీ బొట్టు పెట్టాక నా దగ్గరికొచ్చి, మూతి పైన పసుపు రాసేది. ఊరు నాకు చేసిన సన్మానం అదొక్కటే. చాలింది.

నా కింది నేల పట్ల నేనూ కృతజ్ఞత లేనిదాన్ని కాదు. మా వైపు చాలా బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదంటారు. ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు పట్టేస్తాయి. అవతలి వీధి పంపుకు ఆ కారణంగానే ఎర్రరంగు పూసిపోయారు. నాలాగే గొలుసూ కడ్డీలూ ఉన్నదే, నాలాగే అడిగినవాళ్లకల్లా పోసినదే. నాకు ఆ రంగు పడకపోవడం నా గొప్పేమీ కాదు, నా కిందున్న నేల చలవ.

తర్వాత ఇళ్లల్లోకి కుళాయిలొచ్చాయి. స్థోమత ఉన్నవాళ్లు సొంత బోర్లు వేయించి మోటార్లు దించారు. ఒక్కో మోటారు పడ్డకొద్దీ నా కింద నీళ్లు ఇంకాస్త లోతుకు పోయాయి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు, వేసవిలో ట్యాంకర్లు. మంచిదే. ఆడవాళ్ల నడుములకు ఆ మాత్రం విశ్రాంతి రావాల్సిందే. దానికి నేను ఏడవను.

నా ఏడుపల్లా తోలు వాషరు గురించి. అరచేతిలో ఇమిడే ముక్క. అది అరిగితే ఎంత కొట్టినా నీళ్లు సరిగా అందవు. మార్చాలంటే మాత్రం నా పైపులన్నీ పైకి లాగాలి. నా తర్వాత వచ్చిన మార్క్-3కి ఆ తిప్పలు తగ్గించారట, చిన్నవాళ్ల అదృష్టం. వాషరు అరిగిందని వీధిలో అందరికీ తెలుసు. చెప్పాల్సినవాళ్లకు ఇంకెవరో చెబుతారని అందరూ అనుకున్నారు. ముసలమ్మ ఉండి ఉంటే చెప్పేది. గొలుసుకు గ్రీజు పెట్టేవాడు లేక కిర్రుమంటుంటే, నిద్ర పాడవుతోందని ఒకాయన కసిరాడు. పిల్లలు మూతిలో గులకరాళ్లు కూరారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒంటినిండా పోస్టర్లు అంటించారు. అందులో సగం మంది ఇంటింటికీ నీళ్లిస్తామన్నవాళ్లే. ఇప్పుడు నా హ్యాండిల్‌కి ఓ గేదెను కడుతున్నారు. దానితో నాకు పేచీ లేదు. ఈమధ్య నన్ను ఆనుకుని నిలబడేది అదొక్కటే.

కరెంటు పోయిన రోజున మాత్రం నాకు చుట్టాలు పెరుగుతారు. బిందెలతో వచ్చి, కొట్టి కొట్టి, కాసిని నీళ్లు పడితే మొహాలు వెలుగుతాయి. పడకపోతే, “దీన్ని ఎవరూ పట్టించుకోరే!” అని నా ముందే తిట్టుకుంటారు. ఆ ఎవరూ ఎవరో వాళ్లను చూస్తూ నేను లెక్కపెట్టుకుంటాను.

కుళాయి ముందు ఒక్కళ్లే తాగొచ్చు. హ్యాండిల్ దగ్గర ఎవరూ ఉండక్కర్లేదనిపిస్తుంది. అది ఉత్త భ్రమ. తెల్లవారకముందే వాల్వు తిప్పేవాడున్నాడు, ఎండలో ట్యాంకరు తోలేవాడున్నాడు, స్తంభమెక్కి తీగ సరిచేసేవాడున్నాడు. నా దగ్గర అవతలి చెయ్యి కనపడేది, ఇప్పుడు కనపడదు. అంతే తేడా. తాగే ముందు ఆ చేతిని ఒక్కసారి తలుచుకుంటే, తాగాక మన వంతు ఏదో మనకే తోస్తుంది. నాకైతే దండాలు అక్కర్లేదు. రెండు తోలు వాషర్లు, కాస్త గ్రీజు చాలు. గేదెను మాత్రం అలాగే ఉండనివ్వండి. దానికీ దాహమేస్తుంది, కొట్టుకోవడానికి దానికి చేతుల్లేవు.