మీ నాయన ఏ దేవుడు?

బల్ల చుట్టూ కూర్చుని ఆడే, గ్రీకు పురాణాల మీద అల్లిన పాత్రల ఆటల్లో పాత్ర పత్రం రాసుకోవాలంటే చాలాచోట్ల ముందు నింపాల్సిన గడి బలమూ కాదు, బుద్ధీ కాదు. ఎవరి బిడ్డవన్నదే. 2007లో వచ్చిన ‘సయాన్’ ఆటంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది. అందులో పాత్రలన్నీ మన కాలంలో, మామూలు వీధుల్లో తిరిగే దేవుళ్ల సంతానం. ‘అగాన్’ ఆట 2020 కూర్పులోనైతే వీరుడు పోటీకి దిగినప్పుడల్లా తన బిరుదూ పేరూ వంశమూ పైకి చదువుకుని మరీ పాచికలు వేయాలి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పెర్సీ జాక్సన్ అనే దేవుడి కొడుకు కథల పుస్తకాలు ఏరుకుని, నాంపల్లిలో ఇరానీ చాయ్ ముందు కూర్చుని పాత్రలు అల్లుకునే మన పిల్లలు దీన్ని ఫాంటసీ అంటున్నారు.

ఫాంటసీయా? నాంపల్లిలోనా?

బాబూ, ఒకసారి తలెత్తి చుట్టూ చూడు. పబ్లిక్ గార్డెన్స్‌ని ఆనుకుని శాసనసభ. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర కాంగ్రెస్ వాళ్ల గాంధీభవన్. ఇదే నాంపల్లిలో బీజేపీ రాష్ట్ర కార్యాలయం. క్రిమినల్ కోర్టులు. పబ్లిక్ సర్వీస్ కమిషన్. పాపం ఒలింపస్ మీద పన్నెండు మంది దేవుళ్లకే పీటలు వేశారు. మన దగ్గర 119 వేశాం. బిరుదులంటావా, కరెంటు స్తంభానికో ఫ్లెక్సీ ఉంది, చదువుకో. హోమర్ ఊరికే బిరుదులు పంచలేదు. వడిగల కాళ్ల అకిలీస్ నిజంగానే పరిగెత్తేవాడు, భూమిని కదిలించే పొసైడన్ నిజంగానే కదిలించేవాడు. మన యువకిశోరానికి మొన్ననే యాభై దాటాయి, మోకాళ్లు నొప్పులు. పేదల పెన్నిధికి పేదలెవరో డ్రైవర్ చూపించాలి. ఫ్లెక్సీలో మాత్రం పై వరసలో నాయన, ఆ పైన తాత, నడుమ మన వీరుడు. వంశం పైకి చదవాలన్న ‘అగాన్’ నియమం తూచా తప్పకుండా అమలవుతున్నది అమెరికాలో కాదు, ఇక్కడే.

పాత్ర పత్రానికి రుసుము కూడా మనమే కనిపెట్టాం. 2023 ఆగస్టులో అసెంబ్లీ టికెట్లకు గాంధీభవన్ దరఖాస్తులు పిలిచింది: జనరల్‌కు 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు. నాయన పేరు ముందే అచ్చయి ఉన్నవాళ్లకు రుసుములో రాయితీ ఇవ్వలేదు, అక్కడిదాకా మెచ్చుకోవాలి. ఒక్క పార్టీనే అంటే అన్యాయం. కండువా రంగు మారుతుంది గానీ గడి మారదు.

దేవుడి అంశ లేనివాడికి ఆటలో దిక్కు పాచికలే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అచ్చు వేసినప్పుడు బలం, తెలివి, వివేకం, ఒడుపు, ఒంటి గట్టిదనం, ఆకర్షణ అని ఆరు గుణాలు పెట్టి ఒక్కోదానికి మూడేసి పాచికలు వేయించారు. ఎవరి కొడుకైనా, ఎవరి కూతురైనా పడేది 3 నుంచి 18 లోపు. పడ్డదే రాత. అంతకంటే నికార్సయిన ప్రజాస్వామ్యం నేను చూడలేదు.

నాంపల్లి ఎం.జె. రోడ్డు మీద పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉండే ప్రతిభా భవన్‌లోనూ పాచికలు ఉన్నాయి. నాయన దేవుడు కాని లక్షల మంది అక్కడే తమ రాత తేల్చుకోవాలి. 503 గ్రూప్-1 పోస్టులకు 2022 అక్టోబర్ 16న పాచిక వేశారు. పేపర్ లీకయిందని తేలి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ వేశారు. బయోమెట్రిక్ సరిగ్గా తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. గ్రీకు కథలో సిసిఫస్ అనేవాడు బండను కొండెక్కిస్తాడు, అది దొర్లి కిందికొస్తుంది, మళ్లీ ఎక్కిస్తాడు. అయితే ఆయన దేవుళ్లనే మోసం చేశాడు, అందుకు శిక్ష. అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని చదివే పిల్ల ఎవరిని మోసం చేసింది? శకుని పాచికలైనా నయం, ఒకే పక్షానికైనా పడేవి.

ఈ ఆటల మీద మన పెద్దలకు ఇంకో కోపం ఉంది. భారతం ఉండగా పరాయి దేవుళ్లు ఎందుకట! ఈ కోపం చూస్తే నాకు నవ్వొస్తుంది. ఫేథన్ అనే గ్రీకు కుర్రాడు ఉన్నాడు, సూర్యుడి కొడుకు. నువ్వు సూర్యుడి కొడుకువేనా అని తోటివాడు వెక్కిరిస్తే తండ్రి దగ్గరికి పోయి, రుజువుగా నీ రథం ఒక్కరోజు తోలనివ్వమన్నాడు. తండ్రి మాట ఇచ్చి ఇరుక్కున్నాడు. గుర్రాలు పిల్లవాడి చేతిలో ఆగలేదు. భూమి తగలబడింది. జ్యూస్ పిడుగు విసిరి పిల్లవాణ్ణి నదిలో పడేశాడు. మనకూ ఒక సూర్యుడి కొడుకు ఉన్నాడు. రంగభూమిలో విల్లు పట్టుకుని నిలబడితే, బాణం ఎలా వేస్తావని కృపాచార్యుడు అడగలేదు. నీ తల్లిదండ్రులెవరు, ఏ వంశం అన్నాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. అదే పత్రం, అదే గడి. కాబట్టి పరాయి సంస్కృతి అని కంగారు పడకండి, ఇంటి సరుకే.

మూడో సూర్యపుత్రుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నాడు. నాయన కారు, రాత్రి రెండు గంటలు. గ్రీకులు ఇక్కడ పిడుగు పెట్టారు. మనం వకీలును పెట్టాం, బెయిలు పెట్టాం, డ్రైవింగ్ సీటులో కూర్చున్నది నేనేనని చెప్పే డ్రైవర్‌ను పెట్టాం. గ్రీకు పురాణంలో దేవుడి బిడ్డగా పుట్టడమంటే నెత్తిన ఒక లెక్క మోయడం. బెల్లెరోఫోన్ రెక్కల గుర్రమెక్కి దేవుళ్ల ఇంటికే బయల్దేరితే కిందపడి కుంటివాడయ్యాడు. హెరాక్లీస్ పన్నెండు చాకిరీలు చేశాడు, అందులో పశువుల కొట్టం కడగడం కూడా ఒకటి. మన దైవాంశ సంభూతుల్లో కొట్టం కడిగినవాడి పేరు ఒక్కటి చెప్పండి.

పిల్లలు పుస్తకాలు ఏరుకునే ఆబిడ్స్‌లోనే రామకృష్ణ థియేటర్ పెట్టిన కుటుంబం పెద్దాయన ఎన్టీఆర్ సంగతి వేరు. నిమ్మకూరు రైతు కొడుకు. 1957లో ‘మాయాబజార్’ కృష్ణుడు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కర్ణుడూ ఆయనే, సుయోధనుడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. ఒకే బల్ల ముందు మూడు పాత్రలూ ఆడుతూ ఆటా నడిపించినవాడు ప్రపంచంలో ఇంకెక్కడ ఉన్నాడో నాకు తెలియదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. దేవుడు కావడానికి ఆయనకు దేవుడి కొడుకయ్యే అవసరం రాలేదు. ఆ అవసరం తర్వాతి తరాలకు వచ్చింది.

పిల్లల్ని వదిలిపెడుతున్నానని అనుకోకండి. ఒక్కొక్కడూ ఆరేసి పేజీల వెనుకకథ రాసుకొస్తాడు: ఊరు తగలబడింది, అమ్మానాన్న లేరు, లోకంలో తోడు లేని అనాథ. చదవడం మధ్యలో అమ్మ ఫోన్ చేసి తిన్నావా నాన్నా అంటుంది. ఆఖరి పేజీలో ఆ అనాథ తండ్రి జ్యూస్ అని తేలుతుంది. ప్రతివాడికీ జ్యూసే కావాలి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో మంచినీళ్లు తెచ్చేవాడి కొడుకు ఒక్కడూ ఉండడు.

పిల్లలూ, మీరు పుస్తకాలు ఏరుకునే ఆబిడ్స్‌కు పేరిచ్చింది ఏ దేవుడి కొడుకో తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తులు చూసుకున్న నౌకరు అల్బర్ట్ ఆబిద్, ఆర్మేనియా మూలాల యూదుడు. ఇక్కడ దుకాణం పెట్టాడు. దొర ఒకసారి తొడిగి విడిచిన వస్తువుల్ని మళ్లీ దొరకే అమ్మేవాడని చెప్పుకుంటారు. ఒడుపు 18, ఆకర్షణ 16 వేసుకోవచ్చు.

ఈ ఆదివారం తండ్రి గడిని అడ్డంగా కొట్టేసి ఆబిద్‌తో ఒక ఆట ఆడండి. రాజు కొలువులో, దేవుళ్ల మధ్య, ఎవరి బిడ్డా కానివాడు ఎన్ని పందేలు బతుకుతాడో చూడండి. బతికితే ఆ పత్రం జిరాక్స్ తీయించి, పక్కనే కదా, శాసనసభ గేటు దగ్గర ఇచ్చి రండి.