పన్నెండు బోరు బాధ

ఎగిరెడి మట్టిపళ్లెములను పేల్చుటకొక తుపాకి కొనదలచితినని నలుగురిలో అన్న నాటినుండి నాకు మనశ్శాంతి లేదు. 30 అంగుళములకు తగ్గిన గొట్టము పనికిరాదని యొకరు, 28కి మించినచో చేతికి బరువని మరియొకరు, రెండు గొట్టములు ఒకదానిపై నొకటి యుండవలెనని వేరొకరు, పక్కపక్కన నుండుటయే పెద్దమనుషుల సంప్రదాయమని ఇంకొకరు!

అందఱును ఏకీభవించిన దొక్కటే: 12 బోరు. దేనికి 12? అంగుళములకు కాదు. పౌను సీసమును సమానముగా 12 గుండ్లు చేసినచో, అందొక గుండు ఏ గొట్టమున సరిగా పట్టునో అది 12 బోరట. కావున 20 బోరు దానికంటె చిన్నది. అంకె పెరిగినకొలది వస్తువు తరుగు ఈ గణితము నెలాఖరు గుమాస్తాకు తప్ప అన్యులకు బోధపడదు. సేరును తవ్వను సాగనంపి, కిలోగ్రాములకు అలవాటుపడిన ఈ దేశమున, కూరగాయలవాడు సైతము తలపని పౌనును ఈ తుపాకి యింకను మోయుచున్నది. పోనీ, ఆ సూత్రమునకైనను నిలుకడ గలదా యనిన, 410 అను చిన్నతుపాకి ఆ లెక్కను త్రోసిపుచ్చి, అంగుళములో వేయింట 410 వంతుల వెడల్పుతో తన దారిని తాను పోయినది. దానిని గుండ్లలోనికి మార్చినచో 67కు పైబడిన బోరగును. ఇట్టి లెక్కలు వేయువారికి వేరు పని యుండదు. నేను దానిని కాగితముపై సరిచూచితిని.

ఇక లైసెన్సు సంగతి తలపకుందును. 1959 నాటి ఆయుధచట్టముకంటె దరఖాస్తుపై చేరు ధూళియే దృఢమైనది. బికనీరు మహారాజు కర్ణీసింగు 1962లో కైరోనగరమున ఎగిరెడి పళ్లెములను పేల్చు ట్రాప్ పోటీలో ప్రపంచ రజతము గెలిచెనని యొకాయన నాకు ధైర్యము చెప్పెను. మహారాజునకు కొరవడనిది తుపాకి యొక్కటే కాదనుకొందును.

ఈ తుపాకికి గొట్టము కొనయందు పూసయే గాని వెనుక గురి లేదు. తుపాకి చెక్కమడమపై చెంప నానించిన మనిషి కన్నే ఆ గురి. కావున గొట్టముల తగవులన్నియు గాలికి వదలి, ముందు మెడ, చెంప, చేయి కొలిపించుకొనవలెను. కొలుచునప్పుడు తెలిసినది: కొనవలెనని కోరిన వయసున డబ్బు లేదు, డబ్బు చేరునప్పటికి మెడ బిగిసి, చెంపలు లోతుపోయినవి, నేడు నాకు సరిపడునట్లు చెక్కించిన మడమ నాలుగేండ్లకు నాకే పరాయిది కావచ్చును.

అంతటితో ఆగక, నన్ను కొలిచిన ఆయన, కుడిభుజమున తుపాకి పట్టు నాకు ఎడమకన్ను పెత్తనము చేయుచున్నదనెను. ఎడమభుజమునకు మారుట యొక మార్గము, ఎడమ కంటద్దముపై చిన్న కాగితపుముక్క అంటించుట రెండవది. కాగితము అంటించితిని, ఈ వ్యవహారమున నా తాహతుకు అందిన సరకు ఇదియొక్కటే.