పాత స్టాకు మహిమ

పండగ వారంలో కొట్టుకి వెళ్లినవాడికి రెండే మాటలు వినపడతాయి. రేటు పెరగబోతుంటే "స్టాకు లేదండీ". రేటు తగ్గితే "పాత స్టాకండీ". ఈ రెంటినీ పొరపాటున తారుమారుగా పలికిన వ్యాపారి ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి శాలువా కప్పి వద్దాం.

పాత స్టాకు మహిమ పూర్తిగా తెలియాలంటే 2024 సెప్టెంబరు 14కి వెళ్లాలి. వినాయక చవితి అయి వారం, దసరాకి ఇంకా నాలుగు వారాలు. ఆ రోజు నుంచి కేంద్రం వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచింది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద ప్రాథమిక సుంకం సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధి చేసిన వాటి మీద 12.5 నుంచి 32.5 శాతానికి ఎక్కింది. నూనెగింజల రైతుకి గిట్టుబాటు కోసం అన్నారు. మంచిదే, ఆ తగవు వేరే.

మనం వాడే నూనెలో సగానికి పైగా పైదేశాలదే. ఇండోనేషియాలో ఓడ ఎక్కాలి, కాకినాడలోనో కృష్ణపట్నంలోనో దిగాలి, సుంకం కట్టాలి, రిఫైనరీలో శుద్ధి కావాలి, ప్యాకెట్లో పడాలి, ఏజెన్సీ గోడౌన్‌కి చేరాలి, ఆటో ఎక్కి మన వీధికి రావాలి. నూనె ఇన్ని మజిలీలు చేసి వస్తుంది. సుంకానికి ఆ తిప్పలేమీ లేవు, తెల్లారేసరికి కొట్లో కూర్చుని ఉంది. రాత్రి షట్టరు దించేటప్పుడు సున్నా సుంకపు నూనెగా ఉన్న ప్యాకెట్టు, ఉన్న గూట్లోంచి కదలకుండానే, పొద్దున్నకి 20 శాతం సుంకపు నూనె అయి కూర్చుంది.

కేంద్ర ఆహార శాఖ వారికి ఈ మాయ అంతుపట్టలేదు. నూనె కంపెనీల సంఘాలను పిలిచి, తక్కువ సుంకంతో తెచ్చిన సరుకు దాదాపు 30 లక్షల టన్నులు దేశంలో ఉంది, 45 నుంచి 50 రోజులకు సరిపోతుంది, అది అయ్యేదాకా రేటు పెంచకండి నాయనా అని హితవు చెప్పారు. లెక్క కడితే దసరా దాటిపోతుంది, దీపావళి దీపాలు కూడా దాదాపు ఆ నూనెతోనే వెలగాలి. మన వీధి కొట్లో మాత్రం అది రెండు రోజుల్లో హరించుకుపోయింది. 30 లక్షల టన్నులు! చెంబులో పోసి మంచం కింద దాచే సరుకా అది? ప్యాకింగ్ తేదీ ఆగస్టు అని చూపిస్తే, "తేదీ పాతదే సార్, రేటు కొత్తది" అన్నాడు కొట్టాయన. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ప్యాకెట్టు మీద ఎమ్మార్పీ ఎప్పుడూ అమ్మే రేటుకి అందనంత ఎత్తున అచ్చేసి ఉంటుంది. ఆ ఖాళీ అంతా ఆయన విహారస్థలం. అందులో ఎంత పైకెక్కినా చట్టం ప్రకారం ఆయన గీత దాటనట్టే.

చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్తకులతో మాట్లాడి పామాయిల్ లీటరు 110, సన్‌ఫ్లవర్ 124 రూపాయలకు మించకూడదని ఒప్పించింది. అక్టోబరు 11 నుంచి నెలాఖరు దాకా, రేషన్ కార్డుకి మూడు లీటర్ల పామాయిల్, లీటరు సన్‌ఫ్లవర్. దసరా 12న. గారెల పప్పు నానబోసే పూటకి నూనె రేటు కుదిరిందన్నమాట.

వ్యాపారి వాదన కూడా వినాలి. "ఇది అమ్మిన డబ్బుతో రేపు కొత్త సరుకు తేవాలి కదండీ, రేపటి రేటుకి అమ్మకపోతే గల్లాపెట్టె ఏం కావాలి?" న్యాయమైన మాటే. నేను ఒప్పుకుంటాను. అదే న్యాయం రేటు దిగేటప్పుడు ఏ ఊరు వెళ్తుందన్నదే నా బెంగ.

2025 మే 30న ముడి నూనెల సుంకం 20 నుంచి 10కి దిగింది. రేపటి సరుకు చౌక కాబోతోంది, కనుక ఇవాళ చౌకగా అమ్మాలి. "అబ్బే, మేం పాత రేటుకి కొన్నామండీ!" పెరిగితే రేపటి వంక చూపు, తగ్గితే నిన్నటి వంక చూపు. 2024లో రెండు రోజుల్లో ఆవిరైన పాత స్టాకు ఇప్పుడు తోడినకొద్దీ ఊరుతుంది.

ఆ ఏడాది సెప్టెంబరు 22న, నవరాత్రుల తొలిరోజున, జీఎస్టీ తగ్గింది. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు 18 నుంచి 5 శాతానికి, నెయ్యి 12 నుంచి 5కి, ఏసీలూ పెద్ద టీవీలూ 28 నుంచి 18కి. పాత ప్యాకెట్ల మీద కొత్త రేటు స్టిక్కరు వేసుకోవచ్చని కేంద్రం వెసులుబాటు కూడా ఇచ్చింది. కొట్లో అడిగితే మళ్లీ అదే మంత్రం, "పాత స్టాకండీ." జీఎస్టీ పడేది సరుకు కొన్న తేదీ మీద కాదు, అమ్మిన తేదీ మీద. ముందు కట్టిన ఎక్కువ పన్ను ఆయన ఖాతాలో క్రెడిట్‌గా ఉంటుంది. కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న కొట్టాయనకి ఆ క్రెడిట్ లేదు, ఆయన కష్టం నిజమైనది, ఆయన జోలికి పోను. మిగతావారికి పాత స్టాకు కాలక్షేపం కబురు.

పన్ను తగ్గినా రేటు తగ్గించని వారి సంగతి చూడటానికి జీఎస్టీ వచ్చిన ఏడాదే, 2017లో, ఒక జాతీయ సంస్థను పెట్టారు. 2022 డిసెంబరులో ఆ పని కాంపిటీషన్ కమిషన్‌కి అప్పగించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం మానేశారు. పన్ను పెద్ద ఎత్తున తగ్గింది సెప్టెంబరులో. తాళం వేసి తాంబూలాలు పంచడం అంటే ఇదే కాబోలు. ఏప్రిల్ 1 అన్న తేదీని ఎంచినవారి హాస్యప్రియత్వానికి మాత్రం నమస్కారం.

దిక్కులేనివాళ్లం కాము, 1915 నంబరుంది. వినియోగదారుల హెల్ప్‌లైను. జీఎస్టీ తగ్గింపు ఇవ్వని కొట్ల గురించి చెప్పుకోవచ్చన్నారు. ఫిర్యాదు నిలబడాలంటే చేతిలో బిల్లుండాలి. అడిగి చూడండి.

"బిల్లు కావాలంటే రేటు వేరే సార్."