నా మీద మోపిన నేరాలు

నేనొక రికార్డు ప్లేయర్‌ని. నా పేరు టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2. పుట్టిల్లు జపాన్. మా అన్న 1972లో వచ్చాడు, మా మోడల్ 1979లో. ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్ల కోసం మా అన్నను చేస్తే డీజేలు ఎత్తుకుపోయారు. ఎందుకంటే మాకు బెల్టు లేదు, పళ్లెం నేరుగా మోటారు మీదే కూర్చుంటుంది. ఆగి ఉన్న పళ్లెం 0.7 సెకన్లలో అసలు వేగం అందుకుంటుంది. నేనూ హైదరాబాదులో ఒక పబ్బులో కొన్నేళ్లు గిరగిరా తిరిగి, చివరికి సికింద్రాబాదులో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంట్లో పడ్డాను. ఇక్కడ పొగ లేదు, తోపులాట లేదు. నిందలు మాత్రం బోలెడు.

మొదటి రోజే మాస్టారు తీర్పు చెప్పేశారు. "ఘంటసాల గొంతు ఇంత సన్నగా ఉండదే! మిషన్ పాడైపోయింది." గొంతు సంగతి నిజమే, నేను పాడైపోయిన మాట అబద్ధం. నా కుడిపక్కన వేగం మార్చే జారుడు మీట ఒకటి ఉంది. పైకీ కిందికీ ఎనిమిదేసి శాతం. పబ్బు కుర్రాళ్లు దాన్ని ఎక్కడో వదిలేసి పోయారు. మాస్టారి మనవరాలు మీటను నడిమికి జరిపింది, పచ్చ దీపం వెలిగింది. పళ్లెం అంచు మీది చుక్కల్లో పెద్దవి కదలకుండా నిలబడ్డాయి. అంటే నిమిషానికి సరిగ్గా 33⅓ చుట్లు. "చూశావా తాతయ్యా!" అంది. మాస్టారు మాట్లాడలేదు. నాకు క్షమాపణ చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు.

రెండో నేరం 'స'కారాలు. రికార్డు మొదట్లో బాగానే ఉండేది, ఆఖరి పాటకొచ్చేసరికి ప్రతి 'స' దగ్గరా బుస్సుమనేది. ముల్లు అరిగిందన్నారు మాస్టారు. వెంటనే ముల్లుతో సహా కొత్త కార్ట్రిడ్జ్ తెప్పించారు. వీధి చివర రేడియో మెకానిక్ బిగించాడు. ఈసారి అసలు గాయకుడే మాయమయ్యాడు! పాత మోనో రికార్డు వేస్తే గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడి వినిపించాలి. అది గదంతా పరుచుకుపోయింది, మృదంగంలో గుమ్కీ లేదు. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్నని తీగలుంటాయి. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. మెకానిక్ ఎరుపునీ ఆకుపచ్చనీ తారుమారు చేశాడు. ఒక స్పీకర్ నెడుతుంటే రెండోది లాగుతోంది, నడుమ మంద్రస్వరాలు రద్దయిపోతున్నాయి. ఈ తప్పును చాలామంది గుర్తుపట్టరు. "స్టీరియో ఎంత విశాలంగా ఉందో" అని మురిసిపోయేవాళ్లను కూడా చూశాను.

తీగలు సరిచేశాక కూడా బుస్సు పోలేదు. పోదు, కొత్త ముల్లు కూడా పాతదానిలాగే వంకరగా కూర్చుంది కదా. నా వేగం మారదు గానీ గాడి చుట్టు కొలత మారుతుంది. బయటి అంచున ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి సాగిపోతుంది, చివరి పాట దగ్గర 21 మాత్రమే. అదే పాట అంత ఇరుకులో ఇమడాలి. అక్కడ ముల్లు ఏమాత్రం పక్కకు తిరిగి ఉన్నా మొదట బయటపడేది 'స'కారమే. నా చేతికి ముల్లు మొన పళ్లెం నడిమి కడ్డీని దాటి 15 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. అందుకు కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్ చేతికి తగులుకునే అంచు నుంచి మొన దాకా 52 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మాస్టారి జామెట్రీ బాక్సులో స్కేలు ఉంది. కొత్త కార్ట్రిడ్జ్ కంటే ముందు దాన్ని తీసి ఉంటే డబ్బు మిగిలేది.

బరువు సంగతి ఇంకా తమాషా. ముల్లు తేలిగ్గా ఉంటే రికార్డు అరగదని మాస్టారి నమ్మకం. వెనక గుండు మీది అంకెను ఒకటి దగ్గర పెట్టి తృప్తిపడ్డారు. ముందు నా చేయి కొబ్బరికాయలు తూచే త్రాసులా గాల్లో సమంగా తేలాలి. అప్పుడు అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, ఆ తర్వాతే గుండు తిప్పాలి. తేల్చకుండా పెట్టిన అంకెకు అర్థం లేదు. పైగా తక్కువ బరువు మంచిదేం కాదు. పట్టు దొరకని ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి కొట్టుకుంటుంది, అసలు గాయం అప్పుడే. రెండు గ్రాములు అని తయారుచేసినవాళ్లు రాస్తే రెండు గ్రాములే.

అన్నీ కుదిరాక ఇంట్లో కొత్త జబ్బు మొదలైంది. మంచి కార్ట్రిడ్జ్ కావాలట! మనవరాలు డెనాన్ డీఎల్-103 మీద మనసు పడింది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల్లో పుట్టింది, గొప్ప వంశం, కాదనను. కానీ అందులో కదిలేది అయస్కాంతం కాదు, తీగచుట్ట. బయటికొచ్చేది 0.3 మిల్లీవోల్టులు. మా ఇంటి యాంప్లిఫయర్ ఆశించేది నాలుగైదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరో, వేరే ప్రీయాంపో లేకుండా అది వస్తే వినిపించేది పాట కంటే ఎక్కువగా బరబరే. ఆ సంగతి తెలిశాక ఆ అమ్మాయి ఆడియో-టెక్నికా వీఎమ్95 వైపు తిరిగింది. ఒకే ఒంటికి రకరకాల ముళ్లు మార్చుకోవచ్చు. అందులో ఖరీదైన సన్నమొన ముల్లే తెస్తానంది. నన్నడిగితే ముందు ఎలిప్టికల్ ముల్లు చాలు. సన్నమొన గాడిలోకి లోతుగా దిగుతుంది, పాత ముళ్లు తాకని చోటి నుంచి కూడా పాట తెస్తుంది. అయితే బిగింపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఓర్చుకోదు. మా ఇంట్లో బిగించే చేతులు ఇంకా వణుకుతున్నాయి.

నన్నెవరూ అడగలేదనుకోండి. అయినా ఎలిప్టికలే వచ్చింది, మాస్టారు ధర చూశారు కాబట్టి.

నిన్న మాస్టారు అటక మీద నుంచి వాళ్ల నాన్నగారి పాత రికార్డుల పెట్టె దింపించారు, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. వీఎమ్95లో వాటికి కూడా ముల్లుంది, మూడు మిల్ మందం, ఐదు గ్రాముల బరువు. మనవరాలు అప్పుడే ఆర్డరు పెట్టేసింది. నాకు 33, 45 తప్ప మరో వేగం రాదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ముల్లు వచ్చాక మళ్లీ నా మీదే కేసు పెడతారు.