వీరులు కావలెను (తాత్కాలికం)

సినిమా సూపర్‌హీరో జీతమెంతో ఏ దర్శకుడూ చెప్పడు. మేడ మీంచి దూకి కాలు విరిగితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారో, పీఎఫ్ ఎంత కోస్తారో మనమూ అడగం. ఛత్తీస్‌గఢ్ సర్కారు మాత్రం ఈ లెక్క ఎప్పుడో తేల్చేసింది.

ఇప్పటి సుక్మా జిల్లాలోని కొంటా, దోర్నాపాల్, ఎర్రబోరు చుట్టుపక్కల గిరిజన కుర్రాళ్లను, మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సాగిన సల్వాజుడుం రోజుల్లో స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను చేశారు. కొందరికి కోయ కమాండోలన్న బిరుదు కూడా దక్కింది. పేరులో ఆఫీసరుంది కదా అని జీపూ, క్వార్టరూ ఊహించుకోకండి.

ఆ కొలువుకు ప్రకటన వేసి ఉంటే ఇలా ఉండేది. అర్హత: అయిదో తరగతి పాసైతే ప్రాధాన్యం. శిక్షణ: రెండు నెలలు. శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం వగైరా 24 పీరియడ్లలో పూర్తి. లా కాలేజీల వాళ్లు సిగ్గుపడాలి. పని: బలగాలకు అడవిలో దారి చూపడం, మనుషుల్ని ఆనవాలు పట్టడం, దుబాసీతనం, తూటా వస్తే ఎదురు నిలవడం. వేతనం: నెలకు 3,000 రూపాయల గౌరవ భృతి, అందులోనూ 80 శాతం కేంద్రం భరిస్తుంది. కాలపరిమితి: ఏడాది, దయ ఉంటే పొడిగింపు. ఎస్పీగారు కారణం చెప్పకుండానే ఇంటికి పంపవచ్చు. పింఛను గురించి అడిగేవారు దరఖాస్తు చేయనక్కర్లేదు.

వీరిలో 173 మంది ప్రాణాలు కోల్పోయారని సర్కారే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇళ్లు తగలబెట్టారన్న ఆరోపణలూ వీరి మీదే వచ్చాయి. కుర్రాడి ప్రాణానికి ధీమా లేదు, అతను తుపాకీతో వెళ్లిన ఊళ్లో గుడిసెకు బీమా లేదు.

2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమంది, ఆయుధాలు వెనక్కి తీసుకోమంది. సర్కారు తీర్పును ఎంత శ్రద్ధగా చదివిందంటే, అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి, సహాయక సాయుధ పోలీసు దళమని బోర్డు మార్చి, పాతవాళ్లనే అందులో చేర్చుకుంది.

కాబట్టి పాఠకులారా, రేపు ఏ ప్రభుత్వమైనా మీ పిల్లవాణ్ని వీరుడా అని పిలిస్తే, మురిసిపోయే ముందు నియామక పత్రం, బీమా కాగితం చూపించమనండి. అవి లేని పొగడ్త ఖజానాకు మిగులు, మీ ఇంటికి బాకీ.